సైకిల్ లైటు కొనేముందు ఇది వినండి: 10,000 ల్యూమెన్ల మోజులో నేను చేసిన తప్పు

సైకిల్ లైట్ల మీద ఒక వీడియో చెయ్యి బ్రో అని చాలామంది అడుగుతున్నారు. నేనే వాయిదా వేస్తూ వచ్చా. ఎందుకంటే ఈ టాపిక్ మొదలుపెడితే నా తప్పు ఒకటి బయటికి చెప్పాలి. సరే, ఈరోజు చెప్పేస్తా. వినండి.

2020 లాక్‌డౌన్‌లో కంపెనీ వాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. హైదరాబాద్‌లో రూమ్ ఖాళీ చేసి, ల్యాప్‌టాప్ సర్దుకుని నరసరావుపేట వచ్చేశా. పొద్దున్న లేస్తే కుర్చీ, రాత్రి దాకా కుర్చీ. ఒక్క ఏడాదిలో 9 కిలోలు పెరిగా. ఇక లాభం లేదని గేర్ల సైకిల్ కొన్నా. రోజూ తెల్లవారుజామున 4:45కి బయల్దేరి, యల్లమంద మీదుగా కోటప్పకొండ కింద దాకా వెళ్ళి రావడం. ఎండాకాలం పర్లేదు, త్వరగా తెల్లారుతుంది. చలికాలం వచ్చేసరికి ఆరు దాటినా చీకటే. లైటు కావాల్సొచ్చింది.

ఆన్‌లైన్‌లో వెతికా. ఒక లైటు కనపడింది. 10,000 ల్యూమెన్లు, 9,900 ఎంఏహెచ్ బ్యాటరీ, 12 గంటలు వెలుగుతుంది, ధర 699 రూపాయలు. నేను బీటెక్ చదివా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. అయినా ఒక్క నిమిషం కూర్చుని లెక్క వెయ్యలేదు. నంబర్ పెద్దగా ఉంది, కొనేశా. హ్యాండిల్‌కి బిగించా. సందులో వెలిగిస్తే ఎదురింటి రెండో అంతస్తు దాకా కొట్టింది. అబ్బ, ఏం లైటురా అనుకున్నా.

డిసెంబర్‌లో ఒకరోజు, పొగమంచుగా ఉంది. యల్లమంద దాటాక ఎదురుగా ఒక పెద్దాయన మోపెడ్ మీద వస్తున్నాడు. రెండు పక్కలా పాల క్యాన్లు. నన్ను చూసి చెయ్యి పైకెత్తాడు. పలకరిస్తున్నాడేమో అనుకుని నేను కూడా చెయ్యి ఊపా. ఆయన ఎత్తింది కళ్ళకి అడ్డం పెట్టుకోవడానికి. అది నాకు అర్థమయ్యే లోపే బండి తారు రోడ్డు అంచు దిగి కంకర్లో జారింది. పడిపోయాడు. క్యాన్ మూత ఊడి పాలన్నీ రోడ్డు మీద.

పరిగెత్తుకెళ్ళి లేపా. మోచేయి చెక్కుకుపోయింది, మోకాలికి దెబ్బ. దేవుడి దయ, ఎముకలేమీ విరగలేదు. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బండి లేపుకుంటూ ఒక్క మాట అన్నాడు: "నీకు దారి కనపడితే చాలా బాబూ? నాకు కనపడక్కర్లా?" పాల డబ్బులు మాత్రం తీసుకున్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్తానంటే వద్దన్నాడు. వెళ్ళేముందు, ఆ లైటు కిందకి దించుకో అని చెప్పి వెళ్ళాడు.

ఆరోజు కోటప్పకొండ వెళ్ళలేదు. లైటు ఆపేసి, సైకిల్ నడిపించుకుంటూ ఇంటికొచ్చా. ఆ తర్వాత ఈ లైట్ల గురించి కూర్చుని చదివా, కొలిచా, కొన్ని డబ్బులు తగలేశా. అదంతా ఈ ఎపిసోడ్‌లో చెప్తా. మీ డబ్బులూ మిగలాలి, ఎదుటివాళ్ళ మోచేతులూ మిగలాలి.

లైట్లు రెండు రకాలు

ముందు ఒక బేసిక్ విషయం. మన తిరునాళ్ళకి ప్రభలు చూస్తాం కదా. శివరాత్రికి కోటప్పకొండలో అంతెత్తు ప్రభలు, ఒళ్ళంతా బల్బులు, వెనక జనరేటర్. ఎంత దూరం నుంచైనా కనపడతాయి. కానీ ఆ ప్రభ వెలుగులో మీరు పొలం గట్టు మీద నడవగలరా? ఆ వెలుగు దారి చూపించడానికి పెట్టింది కాదు. నన్ను చూడండి అని పెట్టింది.

సైకిల్ లైట్లూ ఇంతే. ఒకటి, మనం రోడ్డుని చూసే లైటు. రెండోది, వేరేవాళ్ళకి మనం కనిపించే లైటు. మొదటి దానికి పవర్ కావాలి, వెలుగు సరైన చోట పడాలి. రెండో దానికి పెద్ద పవర్ అక్కర్లేదు, ఆగకుండా వెలిగితే చాలు. మనలో చాలామంది మొదటి దానికి 2,000 పెట్టి, రెండో దాన్ని వదిలేస్తాం. నా లెక్కలో ముందు కొనాల్సింది వెనక ఎర్ర లైటు. ముందు గుంత ఉంటే మెల్లగా తొక్కి తప్పించుకోవచ్చు. వెనక నుంచి వచ్చే లారీని ఎలా తప్పించుకుంటాం? దానికి మనం కనపడటం ఒక్కటే మార్గం.

లెక్క చూడండి. గంటకి 60 కిలోమీటర్ల స్పీడులో వచ్చే బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు వస్తుంది. డ్రైవర్ మనల్ని చూసి బ్రేక్ మీద కాలు వేసేసరికి ఒకటిన్నర సెకను. అంటే 25 మీటర్లు అక్కడే అయిపోయాయి. బ్రేక్ పడ్డాక కారైతే ఇంకో పాతిక మీటర్లు, లోడు లారీ అయితే ఇంకా ఎక్కువ. మొత్తం 50 మీటర్ల పైమాటే. ముదురు రంగు చొక్కా వేసుకుని చీకట్లో వెళ్తుంటే, డిమ్ లైటులో వచ్చే డ్రైవర్‌కి మనం కనపడేదే ఇంచుమించు ఆ దూరంలో. అదే 200 మీటర్ల నుంచి కనిపించే ఎర్ర లైటు ఉందనుకోండి, ఆయనకి దాదాపు 12 సెకన్లు టైమ్ దొరుకుతుంది. తప్పుకుని వెళ్ళడానికి అది బోలెడు టైమ్. ఆ 12 సెకన్ల ఖరీదు 400, 500 రూపాయలు.

ల్యూమెన్ అంటే ఏంటి, లక్స్ అంటే ఏంటి

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ల్యూమెన్. బల్బులోంచి మొత్తం ఎంత వెలుగు బయటికొస్తుందో ఆ లెక్క. లక్స్ అంటే ఒక చోట ఎంత వెలుగు పడుతుందో ఆ లెక్క.

మన భాషలో చెప్తా. సాగర్ కుడి కాల్వకి ఎన్ని క్యూసెక్కులు వదిలారు అన్నది ల్యూమెన్. మన చేలో ఎంత తడిసింది అన్నది లక్స్. పైన ఎన్ని వదిలినా మధ్యలో గండి పడితే చివరి చేనుకి చుక్క రాదు. లైటు కూడా అంతే. 1,000 ల్యూమెన్లలో సగం చెట్ల కొమ్మల మీదకి, ఎదుటివాడి కళ్ళలోకి పోతుంటే, రోడ్డు మీద పడేది మిగతా సగమే. 400 ల్యూమెన్ల లైటు అయినా వెలుగు మొత్తాన్ని రోడ్డు మీదకి పంపిస్తే దాదాపు దానంత బాగా కనపడొచ్చు.

ఇంకోటి. దూరం రెట్టింపు అయితే వెలుగు సగం అవదు, నాలుగో వంతు అవుతుంది. 5 మీటర్ల దగ్గర ధగధగలాడే లైటు 20 మీటర్ల దగ్గర 16వ వంతే. అందుకే ఇంటి ముందు వెలిగించి చూసి లైటు గొప్పదని అనుకోకండి. వీడియోలు చూసి కూడా అనుకోకండి, ఈ మాట నేను వీడియోలోనే చెప్తున్నా. ఫోన్ కెమెరా చీకటిని దానంతటదే ప్రకాశవంతం చేసేస్తుంది. కంటికి కనిపించేది వేరు.

ఇప్పుడు ఆ 10,000 లెక్క చూద్దాం. కార్లలో వాడే మామూలు హెచ్4 హాలోజన్ బల్బు డిమ్‌లో 55 వాట్లు తీసుకుని ఇచ్చేది సుమారు 1,000 ల్యూమెన్లు. అంటే నా 699 రూపాయల సైకిల్ లైటు పది కారు బల్బులంత అన్నమాట! నమ్మొచ్చా?

బ్యాటరీ వైపు నుంచి చూద్దాం. చాలా సైకిల్ లైట్లలో ఉండేది 18650 సెల్. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, అందుకే ఆ పేరు. నిజమైన మంచి సెల్ ఒక్కోటి 3,500 ఎంఏహెచ్ దగ్గర ఉంటుంది. 9,900 అని రాసుంటే అది అబద్ధం, ఇంకో మాట లేదు. 3,500 ఎంఏహెచ్‌ని 3.7 వోల్టులతో గుణిస్తే దాదాపు 13 వాట్ అవర్స్. అంటే 13 వాట్ల లైటు గంటసేపు వెలుగుతుంది. మంచి ఎల్‌ఈడీ లైటు ఒక్కో వాట్‌కి 100 ల్యూమెన్లు ఇస్తుందనుకుందాం. 10,000 ల్యూమెన్లకి 100 వాట్లు కావాలి. 13ని 100తో భాగిస్తే? ఎనిమిది నిమిషాలు కూడా రాదు. 12 గంటలు ఎక్కడ, 8 నిమిషాలు ఎక్కడ! పైగా పాత 100 వాట్ల బల్బు ముట్టుకుంటే చెయ్యి ఎలా కాలేదో గుర్తుందా? అంత వేడి పిడికెడు డబ్బాలోంచి రావాలి.

నా లైటు విప్పి అందులో సెల్ కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టా. 31 గ్రాములు. నిజమైన 18650 సెల్ 45 గ్రాములకి అటూ ఇటూ తూగుతుంది. ఇది మీరు కూడా చెయ్యొచ్చు. సెల్ బయటికొచ్చే మోడల్ అయితే కాటా మీద పెట్టండి, తేలిగ్గా ఉంటే మోసమే.

మరి ఎంత వెలుగు కావాలి?

మీరు గంటకి 25 కిలోమీటర్ల స్పీడులో వెళ్తున్నారనుకోండి. సెకనుకి 7 మీటర్లు. గుంత చూసి బ్రేక్ పట్టేసరికి ఒకటిన్నర సెకనులో 10 మీటర్లు, ఆగడానికి ఇంకో 6 మీటర్లు. మొత్తం 16, 17 మీటర్లు. అంటే మీ లైటు 20 మీటర్ల ముందున్న గుంతని స్పష్టంగా చూపించాలి. అదే వాలులో 40 స్పీడు అందుకుంటే 32 మీటర్లు కావాలి. స్పీడు పెరిగితే లైటు కూడా పెరగాలి. లేదా లైటు ఎంత ఉందో అంత స్పీడులోనే వెళ్ళాలి. రెండోది ఫ్రీ.

నా అనుభవంలో, వీధి లైట్లున్న టౌన్‌లో 100, 200 ల్యూమెన్లు చాలు. ఊరి బయట కటిక చీకటి రోడ్డుకి నిజమైన 300 నుంచి 500. ఘాట్ రోడ్డు దిగడానికో, గతుకుల డొంక రోడ్డుకో అయితే 800 నుంచి 1,000. దానికి పైన మనకి అక్కర్లేదు. వెనక లైటుకి 20 నుంచి 50 ల్యూమెన్లు రాత్రికి సరిపోతాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఎన్ని గంటలు వెలుగుతుందని రాసినా అది ఏ మోడ్‌లో అని చూడండి. చాలావరకు తక్కువ మోడ్‌లో టైమ్ రాసి, ఎక్కువ మోడ్‌లో ల్యూమెన్లు రాస్తారు. టార్చిలైట్లకి వాడే ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్1 అనే కొలత ప్రకారం, వెలుగు మొదట ఉన్నదాంట్లో పదో వంతుకి పడిపోయేదాకా టైమ్ లెక్కపెడతారు. అంటే 500 కాస్తా 50 అయ్యేదాకా వెలిగినట్టే లెక్క! అందుకే మీరు వెళ్ళొచ్చే టైముకి డబుల్ రాసున్న లైటు తీసుకోండి.

వెలుగు ఎటు పడాలి

లారీల వెనక ఏం రాసుంటుంది? డిప్పర్ ఎట్ నైట్. చిన్నప్పట్నుంచి చదువుతున్నాం. కారుకి, బైకుకి డిప్పర్ ఉంటుంది. సైకిల్‌కి? మనమే డిప్పర్.

జర్మనీలో సైకిల్ లైట్లకి కూడా రూల్ ఉంది. ఎస్‌టీవీజెడ్ఓ అంటారు. ఎదుటివాళ్ళ కళ్ళు చెదరకూడదు. అందుకని అక్కడి లైట్లలో వెలుగు పైభాగం గీత గీసినట్టు తెగిపోయి, మొత్తం రోడ్డు మీదకే పడుతుంది. దీన్ని కటాఫ్ బీమ్ అంటారు. అలాంటి లైటు దొరికితే కాస్త ఖర్చైనా అదే తీసుకోండి. మనకి ఎక్కువగా దొరికేవి టార్చిలైటులా గుండ్రంగా కొట్టేవి. వాటినీ సరిగా దించి పెట్టుకుంటే వాడుకోవచ్చు.

ఎలా దించాలో చెప్తా, ఖర్చు లేని పని. రాత్రి పూట గోడకి 5 మీటర్ల దూరంలో సైకిల్ నిలబెట్టండి, మామూలు అడుగులతో ఏడడుగులు అనుకోండి. లైటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో చూడండి. మీటరు ఉందనుకుందాం. గోడ మీద వెలుగు గుండ్రం నడిమధ్య, ఆ ఎత్తులో సగానికి, అంటే అర మీటరు దగ్గర పడాలి. అలా పెడితే వెలుగు మధ్యభాగం 10 మీటర్ల దూరంలో రోడ్డుని తాకుతుంది. పైభాగం 20 మీటర్లు, ఆపైకి వెళ్తుంది. మీకు గుంత కనపడుతుంది, ఎదుటివాడికి మీ హ్యాండిల్ కనపడుతుంది. గతుకుల్లో లైటు పైకి లేవకుండా బ్రాకెట్ కింద పాత ట్యూబు ముక్క చుట్టి బిగించండి. ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ జారుతుంది, రబ్బరు జారదు.

ఎదురుగా ఎవరైనా వస్తే తక్కువ మోడ్‌కి మార్చండి, లేదా చేత్తో లైటు పైభాగాన్ని కాస్త కప్పండి. చీకటికి అలవాటు పడటానికి కంటికి 20, 30 నిమిషాలు పడుతుంది. ఒక్క సెకను వెలుగు కొట్టిందంటే ఆ అలవాటు పోతుంది. మళ్ళీ కుదురుకోవడానికి కొన్ని సెకన్లు, వయసు మళ్ళినవాళ్ళకి ఇంకా ఎక్కువ. 40 స్పీడులో వచ్చే మనిషి నాలుగు సెకన్లలో 44 మీటర్లు గుడ్డిగా వస్తాడు. ఆ పెద్దాయనకి ఆరోజు జరిగింది ఇదే.

బ్లింకింగ్ గురించి కూడా అడుగుతుంటారు. పగలు బ్లింక్ పెట్టుకోండి, బాగా కనపడుతుంది. రాత్రి ముందు లైటు మాత్రం బ్లింక్ వద్దు. టపటపా కొడుతుంటే సైకిల్ ఎంత దూరంలో ఉంది, ఎటు పోతోంది అన్నది ఎదుటివాడికి అంచనా దొరకదు. జర్మనీలో సైకిల్‌కి బ్లింకింగే ఒప్పుకోరు. ఇంగ్లండ్‌లో 2005 నుంచి ఒప్పుకున్నారు, అది కూడా నిమిషానికి 60 నుంచి 240 సార్ల లోపే. నేనైతే రాత్రి ముందు, వెనక రెండూ నిలకడ మోడ్‌లోనే పెడతా.

ఫోన్ టార్చ్ ఆన్ చేసి ఒక చేత్తో పట్టుకుని తొక్కేవాళ్ళకి ఒక దండం. అది దగ్గర్లో తాళంచెవి వెతుక్కోవడానికి పెట్టిన లైటు. 20 మీటర్లు కొట్టదు. పైగా మీకు మిగిలేది ఒక్క బ్రేకే.

మన రోడ్ల సంగతి

ఊళ్ళో రివ్యూలు చేసేవాళ్ళు బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. మన పల్నాడు రోడ్లకి వేరే లెక్కలున్నాయి.

పిడుగురాళ్ళ వైపు వెళ్తే సున్నం బట్టీలు, రాళ్ళ లారీలు. గాల్లో తెల్లటి దుమ్ము. దుమ్ములో, పొగమంచులో ఎక్కువ వెలుగు పెడితే ఆ తెరే తెల్లగా మెరిసి రోడ్డు కనపడదు. అలాంటప్పుడు మోడ్ తగ్గించి, లైటు ఇంకాస్త కిందకి వంచండి. హెల్మెట్ మీద పెట్టుకునే లైటు అక్కడ అస్సలు పనికిరాదు, కళ్ళ ముందే తెర కట్టినట్టు ఉంటుంది.

మాచర్ల నుంచి సాగర్ వైపు, ఎత్తిపోతల దారిలో, కిలోమీటర్ల కొద్దీ వీధి లైటు ఉండదు. అక్కడ ఒక్క లైటు నమ్ముకుని వెళ్ళకండి. జేబులో రెండోది చిన్నదైనా ఉండాలి. పంక్చర్ పడితే ట్యూబు మార్చడానికి కూడా వెలుగు కావాలి కదా.

కోతల టైములో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతారు. ధాన్యం ఎత్తేస్తారు, రాళ్ళు మిగిలిపోతాయి. వెనక లైటు లేని ట్రాక్టర్లు, గొర్రెల మందలు, రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్లు. వీటికోసం రోడ్డు ఎడమ అంచు కనపడేంత వెడల్పు బీమ్ కావాలి. సన్నగా దూరం కొట్టే లైటు వీటిని చూపించదు.

ఇక ఎండ. మన రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రం మొత్తానికి తెలుసు. లిథియం బ్యాటరీకి వేడి పడదు. 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగ్ పెట్టకూడదు. తొక్కి వచ్చిన వెంటనే వేడిగా ఉన్న లైటుని చార్జింగ్‌కి పెట్టొద్దు, చల్లారనివ్వండి. సైకిల్ ఎండలో వదిలి లైటు దానికే ఉంచొద్దు. ఊడదీసి జేబులో వేసుకోండి, దొంగల బాధ కూడా ఉండదు. మామూలు 5 వోల్టుల చార్జర్ చాలు. పరుపు మీద, దిండు కింద పెట్టి నిద్రపోవద్దు. నీళ్ళు దూరిన లైటుని, డబ్బా ఉబ్బిన లైటుని చార్జింగ్ పెట్టనే పెట్టొద్దు. చాలాకాలం వాడకపోతే సగం చార్జింగ్‌తో దాచండి.

వానకి ఐపీఎక్స్4 అని ఉంటే చినుకులు తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట మునిగినా తట్టుకోవాలి. మనకి మొదటిది చాలు, కానీ చార్జింగ్ రంధ్రం మీద రబ్బరు మూత బిగుతుగా ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోండి. సీ టైప్ పోర్టు ఉన్నదే తీసుకోండి, ఫోన్ చార్జర్‌తోనే పనైపోతుంది.

అసలు లైటు ఎవరికి కావాలి

ఇప్పుడు ఈ ఎపిసోడ్ చెయ్యడానికి అసలు కారణం చెప్తా.

పాల ఆయన సంగతి జరిగిన తర్వాత నేను ఇంత పరిశోధన చేశా కదా. జెర్సీ, హెల్మెట్, రెండు లైట్లు, అన్నీ నాకే. ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి కారులో ఊరికి వెళ్తున్నా. మిర్చి కోతల టైమ్. రోడ్డు మలుపులో ఉన్నట్టుండి ఎదురుగా ఒక సైకిల్. వెనక క్యారేజీకి దుప్పటి మూట, లైటు లేదు, ఏమీ లేదు. గట్టిగా బ్రేక్ కొట్టా. ఎవరా అని చూస్తే మా నాన్న.

మిర్చి కల్లంలో ఆరబోశాక రాత్రిళ్ళు కాపలా ఉండాలి కదా. అన్నం తిని, దుప్పటి కట్టుకుని కల్లానికి వెళ్తున్నాడు. నా కారు ఇంకో పది స్పీడు ఎక్కువ ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను.

పొద్దున్నే నా వెనక లైటు తీసి ఆయన సైకిల్‌కి కట్టబోయా. "నాకెందుకురా లైటు? నలభై ఏళ్ళ నుంచి తొక్కుతున్నా, కళ్ళు మూసుకునైనా పోతా ఆ దారిన" అన్నాడు. "నీకు దారి తెలుసు నాన్నా, లారీవాడికి నువ్వు తెలియదుగా" అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, తన చిన్నప్పుడు సైకిల్‌కి డైనమో ఉండేదని, తొక్కడం ఆపితే ఆరిపోయేదని, బరువని తీసేశానని చెప్పాడు. సరే కట్టు అన్నాడు.

సీటు కింద కడితే దుప్పటి మూట అడ్డం వస్తోంది. ఇది చాలామంది చేసే పొరపాటు. లైటు ఉంటుంది, కానీ సంచో, గడ్డిమోపో, రెయిన్‌కోటో కప్పేస్తుంది. అందుకే క్యారేజీ చివర, మడ్‌గార్డ్ మీద కట్టా. తర్వాత ఆటోమొబైల్ షాపులో 50 రూపాయలకి రేడియం స్టిక్కర్ తెచ్చి మడ్‌గార్డ్‌కి, పెడల్స్‌కి అంటించా. పేరుకి రేడియం అంటాం గానీ అందులో రేడియం ఏమీ ఉండదు. పడిన వెలుగుని వచ్చిన వైపుకే తిప్పి కొట్టే షీటు అది. చార్జింగ్ అక్కర్లేదు. పెడల్ మీద అంటిస్తే పైకీ కిందకీ కదులుతుంది, చూసేవాడికి అది సైకిలని, మీద మనిషి ఉన్నాడని వెంటనే తెలుస్తుంది. లైటు చార్జింగ్ అయిపోయినా ఇదొకటి కాపాడుతుంది.

మా నాన్న ఇప్పుడు ఫోన్‌తో పాటు లైటు కూడా చార్జింగ్ పెట్టుకుంటాడు. పక్క కల్లాల్లో వాళ్ళు అడిగితే ఇంకో నాలుగు తెప్పించి ఇచ్చా.

కాబట్టి మీ బడ్జెట్ ఎంతైనా వరుస ఇది. 50 రూపాయలే ఉంటే రేడియం స్టిక్కర్. 500 ఉంటే ఎర్ర లైటు కలపండి. 1,500, 2,000 ఉంటే అప్పుడు నిజమైన 400 ల్యూమెన్ల ముందు లైటు. ఈ వరుస తిప్పకండి. నేను తిప్పాను కాబట్టే చెప్తున్నా.

ఈ వారం ఒక పని చెయ్యండి. రాత్రి మీ ఇంట్లో ఎవరు సైకిల్ తొక్కుతారో వాళ్ళని సైకిల్ పట్టుకుని రోడ్డు పక్కన నిలబడమనండి. తమ్ముడు ట్యూషన్‌కి వెళ్ళే సైకిల్ కావచ్చు, చెల్లికి బడికొస్తా పథకంలో వచ్చిన సైకిల్ కావచ్చు, తాతయ్య సైకిల్ కావచ్చు. మీరు 200 అడుగులు వెనక్కి నడిచి తిరిగి చూడండి. వాళ్ళు కనపడుతున్నారా లేదా? కనపడకపోతే ఏం కొనాలో మీకు అర్థమైపోయినట్టే.

ఆ పాల పెద్దాయన ఇప్పటికీ అప్పుడప్పుడు ఎదురొస్తాడు. దూరం నుంచే నేను లైటు తగ్గిస్తా. ఆయన హారన్ ఒకసారి కొట్టి వెళ్ళిపోతాడు. అంతే, ఏమీ మాట్లాడుకోం.

ఉంటా మరి. ఈ ఎపిసోడ్ మీ ఇంట్లో సైకిల్ తొక్కే పెద్దవాళ్ళకి చూపించండి. జాగ్రత్తగా తొక్కండి, లైటు దించుకుని తొక్కండి. వచ్చే వారం కలుద్దాం.